ఎఱ్ఱ కోటు సిపాయి

సంక్రాంతి దినములలో బొమ్మల కొలువు తీర్చుట తెలుగు ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న వేడుక. పై మెట్టున దేవతామూర్తులు, వాని క్రింద పెండ్లివారు, కూరగాయలమ్మువారు, పాములవాడు, ఏనుగులు, గుఱ్ఱములు వరుసగా నిలుచును. ఆ వరుసల చివర అప్పుడప్పుడు ఒక సిపాయి బొమ్మయు కనిపించును. వాని భుజముపై తుపాకి, ఒంటిపై ఎఱ్ఱని కోటు ఉండును. ఆ కోటు ఎఱుపుగా ఏల యున్నదని చూడవచ్చినవారు అడుగరు. బొమ్మ చేసినవాని యొద్ద ఆనాడు ఎఱుపు రంగు మిగిలి యుండెనని తలంచి, తరువాతి బొమ్మను చూడబోవుదురు.

ఆ ప్రశ్ననే ముందు పెట్టుకొని గంటలకొలది కుంచె పట్టి కూర్చుండువారు లోకమున అనేకులు కలరు. వారు రంగు వేయు సిపాయి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అనగా బొటనవ్రేలి చివరి కణుపంత. తగరము కలిసిన లోహముతో గాని, ప్లాస్టికుతో గాని పోత పోసిన ఆ మూర్తికి ముక్కు, మీసము, గుండీలు, తుపాకి మందు సంచి మొదలైనవన్నియు ఉండును. ఆ సిపాయి ఏదో యొక సేనకు చెందినవాడు మాత్రమే కాడు. ఫలానా సంవత్సరమున, ఫలానా దళమున, ఫలానా పోరున నిలిచినవాడు. కనుక వాని కోటు అంచు ఏ రంగో, తలపాగా ఏ రంగో తెలియనిదే కుంచె తడుపరు. ఇట్లు వందలకొలది సిపాయిలను సిద్ధము చేసి, బల్లపై గుట్టలు, ఏఱులు, పల్లెలు అమర్చి, కొలబద్దతో నడక దూరమును, పాచికలతో తూటా తగులుటయు తప్పుటయు నిర్ణయించుచు గడచిన యుద్ధమును మఱల ఆడుదురు. దీనినే యుద్ధక్రీడ అందురు.

సేనను బల్లమీదికి తెచ్చుట మన దేశమునకు క్రొత్త కాదు. రథములు, గజములు, తురగములు, పదాతులు అను నాలుగు అంగములు గల సేనకు చతురంగ బలమని పేరు. ఆ పేరే ఆటకు వచ్చి చదరంగమైనది. మన దేశమునుండి అది పారశీకమునకు, అచటినుండి అరబ్బుల ద్వారా ఐరోపాకు ప్రయాణము చేసెను. అయితే చదరంగపు బంటుకు దేశము లేదు, కాలము లేదు. తెలుపు నలుపులే వాని రంగులు. ప్రతి బంటును ఒక కాలమునకు, ఒక నేలకు చెందిన మనుష్యునిగా చూడవలెనను కోరిక తరువాతి కాలమున పుట్టినది.

18వ శతాబ్దమున జర్మనీ దేశపు న్యూరెంబర్గు నగరమున తగరపు పనివారు రేకువలె పలుచని సిపాయిలను పోత పోసి రంగులు వేసి అమ్మిరి. 1824వ సంవత్సరమున రైస్విట్జ్ అను ప్రష్యా సైనికాధికారి పటములపై ఆడదగిన యుద్ధక్రీడకు నియమములు ప్రకటించెను. ఆ ఆటలో ఒక పక్షపు బిళ్లలు నీలము, రెండవ పక్షపు బిళ్లలు ఎఱుపు. సేనాధిపతులకు యుద్ధవిద్య నేర్పుటకే దానిని ఉపయోగించిరి. 1893లో విలియం బ్రిటన్ సంస్థ లండను నగరమున లోన గుల్లగా నుండు సీసపు సిపాయిలను చవుకగా పోత పోయగా, అవి సామాన్యుల ఇండ్లకును చేరెను. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ అట్టి సిపాయిలతో ఆడు ఆటను గూర్చి ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకము వ్రాసెను. బల్లమీది చిన్న యుద్ధమును ఆడి చూచినవానికి నిజమైన యుద్ధము ఎంత తెలివిమాలిన పనియో తెలియగలదని ఆయన అభిప్రాయము. మఱుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనది.

ఐరోపా యుద్ధముల సేనలకు రంగులు తెలుపు గ్రంథములు పెక్కులు కలవు. తెలుగు నేలపై జరిగిన యుద్ధమునకు సేనలను తీర్చబూనినవాడు ఎచట మొదలిడవలెను? ఏలూరివాడు అందులకు దూరము పోనక్కఱలేదు. వాని ఊరి పేరే ఆ కథలో నున్నది.

18వ శతాబ్దమున కోస్తా తెలుగుదేశమును ఉత్తర సర్కారులని పిలిచిరి. వానిలో ఏలూరు ఒక సర్కారు. నిజాము సలాబత్ జంగు తన కొలువునందున్న ఫ్రెంచి సేన జీతములకై 1753లో ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు, ముస్తఫానగరము అను నాలుగు సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చెను. చికాకోలు నేటి శ్రీకాకుళము. ముస్తఫానగరమనగా కొండపల్లి సీమ. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు నిలిచిన సేన ఈ బుస్సీదే. ఆ యుద్ధానంతరము తాండ్ర పాపారాయని చేత విజయనగర ప్రభువు విజయరామరాజు హతుడయ్యెను. అతని తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో పొసగక, 1758లో బుస్సీ దక్షిణమునకు పిలువబడిన తఱి చూచి, కలకత్తాలోని ఆంగ్లేయులకు కబురు పంపెను. క్లైవు కర్నల్ ఫోర్డు అను సేనానిని ఓడలమీద విశాఖపట్టణమునకు పంపెను. ఫోర్డు వెంట సుమారు 500 మంది ఐరోపా సైనికులును, సుమారు 2000 మంది సిపాయిలును వచ్చిరి. ఆ సిపాయిల ఒంటిపై ఎఱ్ఱ కోట్లుండెను.

ఆ ఎఱ్ఱ కోటు వెనుక తెలుగువారు మఱువరాని సంగతి యొకటి కలదు. 1756లో క్లైవు మద్రాసునుండి వంగదేశమునకు పోయినపుడు దక్షిణాదినుండి సిపాయిలను వెంటబెట్టుకొని పోయెను. ఐరోపా పద్ధతిని కవాతు నేర్చిన ఈ సిపాయిలను వంగదేశపు జనులు ‘తిలంగాలు’ అని పిలిచిరి. తెలుగు దేశమునుండి వచ్చినవారని ఆ మాటకు అర్థము. 1757 ఆరంభమున క్లైవు వంగదేశముననే క్రొత్తగా ఒక పటాలమును చేర్చి, దానికి ఆంగ్ల సైనికులవలె ఎఱ్ఱ కోట్లు తొడిగించెను. జనులు దానిని ‘లాల్ పల్టన్’ అనిరి. అనగా ఎఱ్ఱ పటాలము. కాలక్రమమున ఉత్తర హిందూస్థానమున ఏ ప్రాంతపు సిపాయియైనను, ఏ భాష మాటాడువాడైనను, ఆ దుస్తులు తొడిగినచో తిలంగాయే యయ్యెను. నూఱేండ్ల తరువాత 1857లో ఢిల్లీకి చేరిన తిరుగుబాటు సిపాయిలను సయితము నగరవాసులు ఆ పేరుతోనే పిలిచిరి. ఒక జాతి పేరు ఒక కోటు పేరుగా మాఱిన విధమిది.

ఇట్లు తిలంగాలను చూచి తీర్చిన వంగదేశపు సేన 1758లో తెలుగు నేలపైననే దిగినది. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున పిఠాపుర ప్రాంతమున, నేటి కాకినాడ జిల్లాలోని గొల్లప్రోలు చేరువనున్న చందుర్తి గ్రామమువద్ద ఉభయ సేనలు ఎదురుపడెను. ఆంగ్ల చరిత్రలు దీనిని కొండూరు యుద్ధమని వ్రాసినవి. ఫ్రెంచి సేనకు కాన్ఫ్లాన్స్ నాయకుడు. అతనియొద్ద సుమారు 500 మంది ఐరోపా సైనికులును, సుమారు 6000 మంది సిపాయిలును ఉండిరి. లెక్కప్రకారము బలము అతనిదే.

ఫోర్డు తన ఐరోపా దళమును నడుమను, సిపాయిలను ఇరుప్రక్కలను నిలిపెను. నడుమనున్న దళము ముందు ఎత్తుగా ఎదిగిన పైరు చేను అడ్డముగా నుండుటచే ఫ్రెంచివారికి ఆ దళము కానరాలేదు. వారికి కనబడినది ప్రక్కనున్న ఎఱ్ఱ కోట్ల వరుస. అంతవఱకు దక్షిణాదిని వారు చూచిన సిపాయిలు పెక్కుమంది స్వదేశపు దుస్తులతో నుండువారు; ఎఱ్ఱ కోటు తొడిగినవాడు ఆంగ్లేయుడే యని వారి తలంపు. కావున అదియే ఆంగ్ల దళమని భ్రమించి, తమ ఐరోపా దళమునంతటిని ఆ సిపాయిల మీదికి నడిపిరి. సిపాయిలు కొంతసేపు నిలిచి, పిమ్మట చెదరిరి. గెలుపు తమదేయని ఫ్రెంచివారు వరుస తప్పి వెంట దఱుముచుండగా, చేని మఱుగున నున్న అసలు ఆంగ్ల దళము వెలికి వచ్చి ప్రక్కనుండి గుండ్ల వర్షము కురిపించెను. ఫ్రెంచి దళము విఱిగెను. ఫిరంగులు పోయెను, శిబిరము పోయెను.

ఆనాటి జయమునకు ఫోర్డు నేర్పు, ఫ్రెంచి నాయకుని తొందరపాటు, చేని యెత్తు మున్నగు కారణములెన్నియో కలవు. అయినను వానిలో కోటు రంగు ఒకటి యనుట నిజము. అందుచేత చందుర్తి యుద్ధమును బల్లపై తీర్చువాడు ఆ సిపాయిలకు తోచిన రంగు వేసినచో అది చిన్న పొరపాటు కాదు. ఆ పోరు ఏల అట్లు నడిచెనో అతని బల్ల చెప్పజాలదు. తెల్ల కోట్ల సిపాయిల మీదికి ఫ్రెంచి దళము ఏల పోవలెను? ఎదుటివారు ఎవరని భ్రమపడవలెను? రంగు తప్పినచో కథయే తప్పును.

చందుర్తి తరువాత ఫోర్డు రాజమహేంద్రవరమును పట్టుకొని గోదావరి దాటి 1759 ఫిబ్రవరిలో ఏలూరు చేరెను. కొన్నాళ్లు అచటనే ఆగి ఆనంద గజపతి సేనను కలుపుకొని, మార్చి నెలలో మచిలీపట్టణపు దారి పట్టెను. ఏలూరినుండి మచిలీపట్టణమునకు పోవువానికి కొల్లేరు తప్పదు. కృష్ణా గోదావరుల డెల్టా భూముల నడుమ ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలియును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు చేర్చును. వర్షాకాలమున సాగరమువలె విస్తరించి, ఎండకాలమున కుంచించుకొని పోవును. బల్లపై ఈ దారిని తీర్చగోరువానికి సిపాయి కోటు మాత్రమే తెలిసిన చాలదు. వాని పాదముల క్రింది నేల రంగు కూడ తెలియవలెను. తాడేపల్లిగూడెపు మెట్టయందలి ఎఱ్ఱ మన్ను వేఱు. కొల్లేటి ఒండ్రు నలుపు వేఱు. ఆ యంచున పెరుగు కిక్కిస గడ్డి, తాటి మ్రాను తొలిచి చేసిన దోనె, బూడిద వన్నె గల పెద్ద ముక్కు పక్షులు, ఇవన్నియు చూచి నేర్చుకొనవలసినవే. పుస్తకము లేకున్నను కన్నులున్నవానికి కొల్లేరు ఈ పాఠమును ఉచితముగా చెప్పును.

1759 ఏప్రిల్ 7వ తేది రాత్రి ఫోర్డు మచిలీపట్టణపు కోటపై పడెను. మఱునాడు తెల్లవారునప్పటికి కోట అతని వశమయ్యెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచి ప్రాబల్యము దానితో తీఱెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానుచేతను, 1766లో నిజాముతో జరిగిన ఒడంబడికచేతను ఈ సర్కారులు ఆంగ్లేయుల పాలగుటకు దారి ఏర్పడెను. ఏలూరు తరువాత చాలకాలము వారి పటాలములకు విడిదియైనది. ఊరి ప్రజలు ఎఱ్ఱ కోటును ప్రతిదినమును చూడనారంభించిరి. బొమ్మల కొలువులోనికి సిపాయి వచ్చుట ఆశ్చర్యము కాదు.

ఇంతకును ఆ కోటు ఎఱుపే ఏల కావలెను? గాయపు నెత్తురు కనబడకుండుటకని కొందఱు చెప్పుదురు. అది వినుటకు బాగుండును గాని నిజము కాదు. ఎండిన నెత్తురు ఎఱ్ఱ బట్టపై నల్లని మరకగా కనిపించును. 1645లో ఇంగ్లండు పార్లమెంటు తన క్రొత్త సేనకు ఎఱ్ఱ కోట్లు ఏర్పఱచెను. అందులకు ముఖ్యకారణము ఆ రంగు చవుకగా దొరకుటయే. మంజిష్ఠ జాతికి చెందిన ‘మాడర్’ అను మొక్క వేరునుండి తీసిన ఎఱుపు సామాన్య సైనికుని కోటుకు సరిపోయెను. అది కొంత ఇటుక వన్నె కలిసిన ఎఱుపు. అధికారుల కోట్లకు మెక్సికోనుండి వచ్చు కొచ్చినీల్ పురుగుల ఎఱుపు వాడిరి. అది మెఱయు ఎఱుపు, వెల హెచ్చు. కాబట్టి ఒకే పటాలమున అధికారికిని సిపాయికిని ఒకే ఎఱుపు వేయరాదు. నేర్పరియైనవాడు పళ్లెములో రెండు ఎఱుపులు కలుపుకొనును.

మన తీరమునకు ఎఱుపును ఎవ్వరును నేర్పనక్కఱ లేకుండెను. తీరపు ఇసుక నేలలలో దొరకు చిరువేరుతో మచిలీపట్టణపు అద్దకమువారు వస్త్రములకు చెదరని ఎఱుపు వేసిరి. ముందు కరక్కాయ నీట తడిపి, పటికతో అచ్చువేసి, చిరువేరు రసమున కాచినచో పటిక తగిలిన చోటనే ఎఱుపు పట్టును. ఆ వస్త్రములు ఓడలమీద దేశాంతరములకు పోయెను. ఏలూరి తివాచీల నేతగాండ్రు సయితము ఉన్నికి రంగులు కట్టుటలో ప్రసిద్ధులు. అట్టి ఎఱుపులు పుట్టిన తీరముననే ఐరోపా కొలువుల ఎఱ్ఱ కోటు నడచినది.

ఎఱుపంతయు ఆంగ్లేయులదే యనుకొనుటయు పొరపాటే. ఫ్రెంచి రాజు పదాతిదళములలో పెక్కింటి కోటు రంగు వేయని ఉన్ని వన్నె. దూరమునకు అది తెలుపుగా తోచును. కాని ఫ్రెంచి కొలువునందున్న ఐరిష్ దళములు ఎఱ్ఱ కోట్లే తొడిగెడివి. 1758లో లాలీ అను సేనాని తనతో తెచ్చిన దళము అట్టిదే. 1760 జనవరిలో వందవాసి యుద్ధమున ఎఱుపునకు ఎఱుపే ఎదురు నిలిచెను. రంగును చూచి మనిషిని నిర్ణయించువాడు మోసపోవుటకు ఇది మఱియొక తార్కాణము.

ఇక రంగు వేయు పని. ఇది తొందరగలవారికి చెల్లదు. ముందు పోత గీతలను ఆకురాతితో అరగదీసి, బొమ్మను సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. పిమ్మట అంతటను పలుచని తొలిపూత పూయవలెను. ఈ పద్ధతి కొండపల్లి బొమ్మలవారికి క్రొత్త కాదు. వారు తెల్ల పొణికి కఱ్ఱను కాక చూపి తేమ పోగొట్టి, భాగములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, పైన సున్నపు పూత పూసి, అది ఆరినగాని రంగు ముట్టరు. మేక వెండ్రుకల కుంచెతో సన్నని గీతలు దిద్దుదురు. నేల ఏదైనను, పదార్థమేదైనను క్రమము ఒక్కటే: పూత గట్టిదైనగాని రంగు నిలువదు.

తొలిపూత తరువాత లోపలినుండి పైకి పోవలెను. మొదట ముఖము, చేతులు, కాళ్లు, పిదప లోదుస్తులు, పిదప కోటు, చివరకు పట్టీలు, గుండీలు, తుపాకి. మనిషి బట్టలు తొడుగుకొను క్రమమే ఇది. చిన్న వస్తువుపై ఏ రంగైనను అసలుకంటె ముదురుగా కనిపించును. కావున కోటు గుడ్డకంటె కొంచెము లేత వన్నె ఎన్నుకొనవలెను. ఎఱుపునకు తెలుపు కలిపినచో గులాబి వన్నె యగును. మడతల మిట్టలకు నారింజ వన్నె కలుపుట మేలు. మడతల పల్లములకు నలుపుకంటె గోధుమ వన్నె నప్పును. తుదకు వార్నిషు పూసినచో చేతులు తగిలినను రంగు చెడదు.

సిపాయిని తీర్చునపుడు మఱవరాని విషయములు కొన్ని కలవు. 18వ శతాబ్దపు కంపెనీ సిపాయి నడుమునుండి పైకి మాత్రమే ఐరోపావాడు. పొట్టి ఎఱ్ఱ కోటు, దానిపై పట్టీలు వారివి. తలపై పాగా తనది. తొడలపై పొట్టి జాంగియా, దానిక్రింద బోసి కాళ్లు, పాదములకు చెప్పులు తనవి. అట్టివానికి తెలిసియు తెలియకయు నల్లని బూట్లు వేసినచో వాడు సిపాయి కాకపోవును. ముఖములకు సీసాలోని ఒకే గోధుమ వన్నె పులుముటయు తగదు. ఒక పటాలమున చామనచాయవాడుండును, నల్లనివాడుండును, పసిమివాడుండును. పదిమంది ముఖములకు పదిమార్లు రంగు కలుపుట కష్టమే. కాని వారు పదిమంది మనుష్యులు.

తుపాకుల పల్లము పెరిగినకొలది మెఱయు కోట్ల కాలము చెల్లెను. 1846లో పెషావరునందు లమ్స్‌డెన్ అను అధికారి తాను చేర్చిన దళమునకు దుమ్ము రంగు దుస్తులు ఏర్పఱచెను. పారశీకమున ‘ఖాక్’ అనగా మన్ను. ఆ మాటనుండి ఖాకీ వచ్చినది. నేలతో కలసిపోవుటయే ఆ రంగు గుణము. ఆ పాఠము అందఱును ఒక్కమాఱు నేర్వలేదు. 1914 ఆగస్టులో ఫ్రెంచి పదాతులు ఎఱ్ఱ లాగులతోనే యుద్ధరంగమునకు పోయి తీవ్రముగా నష్టపడి, 1915లో లేత నీలపు దుస్తులకు మాఱిరి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున తాడేపల్లిగూడెమునకే విమానములు దిగు పరుగుబాట వచ్చినది. 1942 ఏప్రిల్ 6వ తేదిన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. తీరమంతయు ఆకసమువంక చూచు దినములవి. బ్రిటిషు విమానముల రెక్కలపై నీలము, తెలుపు వలయముల నడుమ ఎఱ్ఱని చుక్క గుర్తుగా నుండెడిది. జపాను విమానముల గుర్తును ఎఱ్ఱని వృత్తమే. క్షణకాలమున చూచి గుండు పేల్చవలసినవాడు ఆ చుక్కను చూచి తనవానినే కూల్చు ప్రమాదము కలదు. కావున ఆ యుద్ధములో ఈ దిక్కున నెగురు బ్రిటిషు విమానములపై ఎఱ్ఱ చుక్కను కప్పివేసి, నీలము తెలుపులే మిగిల్చిరి. చందుర్తివద్ద ఎఱుపు శత్రువును మోసగించినది. ఇచట ఎఱుపు తనవారినే మోసగించకుండ తుడిచివేయబడినది. ఆ కాలపు విమానమునకు చిన్న నమూనా చేసి రంగు వేయు బాలుడు గ్రంథములోని పటమును చూచి ఎఱ్ఱ చుక్క పెట్టినచో, ఒక్క కుంచె మొనతో ఈ చరిత్రనంతటిని చెఱిపినవాడగును.

యుద్ధమును ఆటగా ఆడుట తగునా యని కొందఱు పెద్దలు శంకింతురు. ఆ శంక త్రోసివేయదగినది కాదు. మనుష్యులు చచ్చిన చోటును బల్లపై పెట్టి పాచికలు వేయుట ఆలోచింపవలసిన పనియే. ఆ శంకకు మాటలతో చెప్పు సమాధానముకంటె రంగు వేయు పద్ధతితో చెప్పు సమాధానము బలమైనది. గెలిచినవారిని మెఱుగుపెట్టి, ఓడినవారిని ఏదో యొక రంగు పులిమి నిలిపినవాడు యుద్ధమును పొగడుచున్నాడు. ఇరుపక్షముల వారికిని సమానమైన శ్రద్ధ చూపి, చెదరిన సిపాయికిని వెంట దఱిమిన సైనికునికిని ఒకే ఓర్పుతో కన్నులు దిద్దినవాడు మనుష్యులను తలచుకొనుచున్నాడు. ఆట ముగిసిన పిదప పడిన బొమ్మలను నిలువబెట్టి పెట్టెలో సర్దుదురు. చందుర్తి చేలలో పడినవారు మఱల లేవలేదు. ఈ భేదము తెలిసి ఆడువాడు ఆడవచ్చును.

చందుర్తి కథలో ఫోర్డు పేరున్నది, కాన్ఫ్లాన్స్ పేరున్నది, ఆనంద గజపతి పేరున్నది. ఫ్రెంచి దళపు తాకిడికి మొదట ఎదురు నిలిచిన ఎఱ్ఱ కోటు సిపాయిల పేర్లు ఆ కథ చెప్పువారు చెప్పరు. వారి ఎదుటి పక్షమున పోరాడిన వేలాది సిపాయిల పేర్లును చెప్పరు. ఇరువైపుల వారును ఈ దేశపు బిడ్డలే. జీతమునకై పరదేశి కోటు తొడిగినవారు కొందఱు, తొడుగనివారు కొందఱు. వారికి శిలాశాసనములు లేవు. ఏ ఊరినుండి వచ్చిరో, ఎవరికొఱకు ఇంటికి డబ్బు పంపిరో బొమ్మ చేయువాడు కనుగొనజాలడు. వారి కోటు రంగును మాత్రము కనుగొనగలడు. అది సరిగా వేయుట అతని చేతిలోని పని.

రంగులు ముగిసి వార్నిషు ఆరిన పిదప బొమ్మను తలక్రిందులు చేసి, పీఠము అడుగున దళము పేరును సంవత్సరమును వ్రాయుట ఈ పనివారి వాడుక. సేనానుల బొమ్మల క్రింద వారి పేర్లు వ్రాయుదురు. సిపాయి బొమ్మ క్రింద వ్రాయుటకు మనిషి పేరు లేదు. నిలిచిన ఊరి పేరున్నది. అందుచేత అన్నిటికంటె సన్నని కుంచెను నల్లని రంగులో ముంచి, చేయి వణకకుండ, ‘చందుర్తి, 1758’ అని వ్రాయవలెను.